చెల్లెలి ఒళ్ళో బల్ల

ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. అద్దాలు అమ్మడు, అద్దాలు బిగించడు, ముక్కు మీదకి కళ్ళద్దాలు కూడా ఈ మధ్యే వచ్చాయి. చెక్కకి పాలిష్ పెట్టడం ఆయన పని. ఎప్పుడో ఆయన పాలిష్ పెట్టిన బల్ల మీదకి వంగి ఒక పెద్దమనిషి క్రాపు సరిచేసుకున్నాడట, అప్పట్నుంచి ఆ పేరు అంటుకుపోయింది. ముప్పైయెనిమిదేళ్ళుగా అదే కొట్టు, అదే పని, అదే కసురు. అవును, కసురే. నమ్మకపోతే ఆయన పనిలో ఉన్నప్పుడు కొట్లోకి వెళ్ళి ఒక్కసారి గట్టిగా తుమ్మి చూడండి.

పాపం, ఆయన బాధ ఆయనది. లక్క రేకుల్ని స్పిరిట్‌లో రెండు రోజులు నానబెట్టాలి, వడకట్టాలి, మెత్తటి పాత నూలుగుడ్డలో దూది పెట్టి ముద్ద కట్టాలి, ఆ ముద్దని లక్కలో తడిపి చెక్క మీద తిప్పాలి. ముందు సున్నాలు, తరవాత ఎనిమిదులు, ఆఖరికి చెక్క పోగు, అదే ఆ సన్నటి గీతలు, ఎటుంటే అటు నిలువుగా. చెయ్యి ఎక్కడా ఆగకూడదు. ఆగిందా, ఆగిన చోట మచ్చ. ముద్ద చెక్కకి పట్టెయ్యకుండా మధ్యమధ్య ఒక్క చుక్క నూనె. ఒక పూత, ఆరబెట్టు, మళ్ళీ పూత, మళ్ళీ ఆరబెట్టు, ఇలా రోజుల తరబడి. ఈలోగా ఎవరైనా ఫ్యాన్ వేసి దుమ్ము లేపారో, వాళ్ళ పని అయిందే. గంటలో మిషనుతో మెరుపు చల్లేసి పంపించే కొట్లు ఇప్పుడు వీధికి రెండున్నాయి. వాటి ముందునుంచి వెళ్ళాల్సొస్తే ఆయన అవతలి పక్కకి దాటి మరీ నడుస్తాడు. చాదస్తమే, ఎవరు కాదన్నారు? కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఆ చాదస్తంలోంచి బయటికొచ్చిన బల్ల కనపడితే చెయ్యి వేసి తడమకుండా ఉండడం ఎవరి తరమూ కాదు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. సిటీ బస్సు డ్రైవరు. ఇరవైరెండేళ్ళలో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి, డిపోలో ఆగి ఉన్న బస్సు దిగబోయి మెట్టు మీంచి జారి పడింది. "నడిచే బస్సు ఏమీ చెయ్యలేదు, ఆగిన బస్సు చేసిందిరా నాయనా!" అని స్ట్రెచరు మీద తనే నవ్వింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. మూడు నెలలు కుర్చీ మాట తలపెట్టొద్దు, తుంటి మడత పడకూడదు, సోఫాలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకునే ఉండాలన్నాడు డాక్టరు. ఆమెకి ఒక కూతురు, ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. పొద్దున అన్నీ అందుబాటులో పెట్టి వెళ్ళి, సాయంత్రం వచ్చేది. ఆ పిల్ల వచ్చేలోపు అద్దాలాయన కొట్టు కట్టేసి వచ్చి చెల్లెల్ని చూసి వెళ్ళేవాడు. వచ్చి చేసేదేమీ లేదు. మందులేసుకున్నావా అని కసరడం, దిండు సరిచెయ్యడం, టీ పెట్టి సగం ఒలకబొయ్యడం. అయినా ఒక్కరోజు మానలేదు.

ఒకరోజు వచ్చేసరికి చెల్లెలు ఏడుస్తోంది. విరిగిన కాలు కదిపినప్పుడు కూడా పళ్ళు బిగబట్టిందే తప్ప ఏడవని మనిషి!

"ఏమే, నొప్పిగా ఉందా? డాక్టర్ని పిలవనా?"

"నొప్పి కాదన్నయ్యా."

"మరి?"

చెప్పడానికి సిగ్గుపడి, కాసేపు దుప్పటి అంచు నలిపి, చివరికి చెప్పింది. కంప్యూటరులో ఆమె ఒక ఆట ఆడుతుంది. ఐదేళ్ళ నుంచి. డ్యూటీ దిగి వచ్చాక రోజూ ఒక గంట. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, మధ్యలో ఒక కోట. ఒక జట్టు ఎక్కాలి, ఒక జట్టు కాయాలి. ఈమె పని బురుజు మీద విల్లు పట్టుకుని, ముందుకు వెళ్ళిన తన నలుగుర్నీ వెనకనుంచి కాచుకోవడం. ఆ నలుగురి మొహాలూ ఏనాడూ చూడలేదు, గొంతులు మాత్రం తెలుసు. కెప్టెను ఎక్కడో బేకరీలో రొట్టెలు కాల్చే అమ్మాయి. రెండు వారాలకోసారి ఆదివారం సాయంత్రం నాలుగింటికి లీగు మ్యాచ్. ఆ లీగుకో రూలుంది. వరసగా మూడు మ్యాచ్‌లు ఆడకపోతే ఆ మనిషి చోటు రిజర్వులో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. మధ్యలో దిగిపోయినా ఆడనట్టే లెక్క. ఆస్పత్రిలో ఉండగా ఒక మ్యాచ్ పోయింది. నిన్నటిది రెండోది.

"నిన్న ఆడదామనే చూశానన్నయ్యా. అమ్మాయి కంప్యూటరు తెచ్చి ఈ టీవీకి తగిలించింది. కానీ ఇలా వాలిపోయి కూర్చుంటే కీబోర్డు ఎక్కడ పెట్టుకోను, మౌసు ఎక్కడ తిప్పను? టీ ట్రే పెట్టుకున్నా, జారిపోయింది. కూరలు తరిగే చెక్క పెట్టుకున్నా, చాల్లేదు. సోఫా చెయ్యి మీద తిప్పితే బాణం ఆకాశంలోకి పోతోంది. మొదలవకముందే దిగిపోయాను."

"ఆటకోసమా ఏడుపు? ఇంత వయసొచ్చి, ఇరవైరెండేళ్ళు బస్సు నడిపి!"

నోరు జారింది. చెల్లెలు మొహం గోడవైపు తిప్పుకుంది. కాసేపటికి గోడతోనే చెప్తున్నట్టు అంది.

"బస్సులో రోజుకి వెయ్యిమంది ఎక్కి దిగుతారు. వాళ్ళకి నేనో వీపుని. బ్రేకు గట్టిగా పడితే తిట్టడానికి తప్ప గుర్తురాను. ఇక్కడ అలా కాదు. దూకే ముందు 'వెనక అక్క ఉందా?' అని అడుగుతారు. ఉన్నానంటేనే దూకుతారు. ఆ మాట రేపట్నుంచి ఇంకెవరి గురించో అడుగుతారు కదా, అందుకు ఏడుస్తున్నా. చాలా?"

అద్దాలాయనకి క్షమించమని అడగడం రాదు. పెళ్ళయిన ముప్పైమూడేళ్ళలో భార్య ఆయన నోట ఆ మాట వినలేదు. ఆయన చేసిందల్లా జేబులోంచి కొలత టేపు తీయడం. చెల్లెలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళో ఈ తొడ నుంచి ఆ తొడకి కొలిచాడు. పొట్టకీ మోకాలికీ మధ్య కొలిచాడు. ఆపరేషన్ కుట్లు ఎంతవరకూ ఉన్నాయో అడిగి, ఆ మేర బరువు పడకూడదని కాగితం మీద రాసుకున్నాడు.

"చెయ్యి ఎంత దూరం తిప్పుతావు?"

ఆమె మొహం ఇటు తిప్పింది. కళ్ళు తుడుచుకుని, కుడిచెయ్యి గాల్లో పెట్టి చూపించింది. మణికట్టు కాదు, మోచెయ్యి దాకా మొత్తం ఊగింది.

"అంతెందుకు? సినిమాల్లో మౌసుని వేళ్ళతోనే ఆడిస్తారు కదా!"

"వేళ్ళతో ఆడిస్తే గురి తప్పుతుంది. చెయ్యి దూరం తిరిగితేనే బాణం నిదానంగా, తిన్నగా పోతుంది."

"ఊఁ," అన్నాడు ఆయన. ఆ సంగతి మాత్రం ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మర్నాటి నుంచి కొట్లో ఇంకే పనీ లేదు. పాత అలమారు తలుపు ఒకటి ఎప్పట్నుంచో దాచిపెట్టుకున్నాడు, సన్నటి పోగున్న టేకు. ఎంతమంది అడిగినా ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని కోశాడు. పొట్ట ఉన్న వైపు అర్ధచంద్రంలా లోపలికి తీశాడు. మౌసు తిరిగే కుడివైపు బాగా వెడల్పు ఇచ్చాడు. వాలిన మనిషికి మణికట్టు నొప్పెట్టకుండా కాస్త ఏటవాలు పెట్టాడు. మౌసు కిందపడకుండా చివర సన్నటి గట్టు. అడుగున రెండు దిండ్లు, ఒకటి లావు, ఒకటి సన్నం, కడ్డీ ఉన్న వైపు బరువు పడకుండా. ఆ దిండ్లు భార్య చేత కుట్టించాడు. ఒకదాన్ని రెండుసార్లు విప్పించి మళ్ళీ కుట్టించాడు కూడా. మూడోసారి ఆవిడ దిండు తెచ్చి ఆయన మొహాన కొట్టినంత పని చేసింది.

"ఇంతకంటే నాకు రాదు. కావాలంటే మీరే కుట్టుకోండి!"

"ఇది బాగుందిలే."

"మొదటిదీ ఇలాగే ఉంది!"

రెండు రోజుల్లో బల్ల తయారైంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆగుతాడా? మొదటి రోజే నానబోసి ఉంచిన లక్క వడకట్టాడు. కొట్టు తలుపులు మూసి, పగుళ్ళలో గుడ్డలు కుక్కి, నేల మీద నీళ్ళు చల్లి, ముద్ద చేత్తో పట్టుకున్నాడు. పది రోజులు పూత మీద పూత. ఎవరైనా తలుపు తడితే లోపల్నుంచే "రేపు!" అని ఒక అరుపు.

భార్య అన్నం పట్టుకొచ్చి, తలుపు సందులోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఒళ్ళో పెట్టుకునే చెక్కకి ఇంత సింగారమా? పైన కీబోర్డు కూర్చుంటుంది, కింద దిండు కూర్చుంటుంది. చూసేదెవరండీ?"

"అది మూడు నెలలు ఆ సోఫాలో పడి ఉండాలి. ఎదురుగా గోడ, పక్కన మందుల సీసాలు. ఒళ్ళో ఒక్కటైనా చూడబుద్ధేసే వస్తువు ఉండద్దూ?" అన్నాడాయన. అని, వెంటనే, "తలుపెయ్యి, దుమ్ము!" అన్నాడు.

ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో చూశారుగా.

ఆదివారం వచ్చింది. బల్లని పాత దుప్పట్లో చుట్టి, భుజానికి పనిముట్ల సంచి తగిలించుకుని బస్సెక్కాడు. ఆ సంచి పెళ్ళిళ్ళకి కూడా వెంట ఉంటుంది. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు, ఎవరి మోచెయ్యయినా తగులుతుందేమోనని బల్లని గుండెలకి ఆనించుకుని దారంతా నిలబడే వచ్చాడు. మూడింటికల్లా చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. మేనకోడలికి ఆ రోజు డ్యూటీ. వెళ్ళేముందే కంప్యూటరు టీవీకి తగిలించి, అన్నీ ఆన్ చేసి వెళ్ళింది.

దుప్పటి విప్పగానే చెల్లెలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు మొత్తం ఆ బల్ల మీద నిలబడింది. తేనె రంగు, లోపల్లోపల కదులుతున్న పోగు.

"అన్నయ్యా! ఇది నాకా?"

"కాదు, ఎదురింటివాళ్ళకి. పట్టుకో, పట్టుకో."

ఒళ్ళో పెట్టుకుంది. పొట్ట దగ్గర ఒంపు అతికినట్టు సరిపోయింది. దిండ్లు రెండూ తొడల మీద కుదురుకున్నాయి. కుట్ల మీద వీసమెత్తు బరువు లేదు. కీబోర్డు పెట్టింది, అది కదలకుండా కూర్చుంది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ సమయంలో ఆయన మొహం చూడాలి, ఊరేగింపులో ముందు నడిచే మనిషి కూడా అంత ఠీవిగా ఉండడు.

మౌసు పెట్టి కదిపింది.

టీవీలో బాణం గుర్తు పైకి ఎగిరింది. ఆగింది. వణికింది. ఉన్నట్టుండి మూలకి పోయి నక్కింది. ఆమె ఎడమకి తిప్పితే అది కిందకి పోయింది. చెయ్యి ఆపినా అది ఆగలేదు.

"బ్యాటరీ అయ్యుంటుంది," అంది. మార్చింది. అదే తంతు. కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేసింది. అదే తంతు. టైము మూడుంపావు దాటింది. మౌసుని తిరగేసి చూసింది. అడుగున ఎర్రటి వెలుగు ఉంది. పక్కనున్న పేపరు తీసి, దాని మీద పెట్టి తిప్పింది. బుద్ధిగా, చెప్పినట్టు విన్నది.

చెల్లెలి మొహం వాడిపోయింది. అన్నకి ఎలా చెప్పాలో తెలియక కాసేపు ఆ పేపరు మీదే తిప్పుతూ కూర్చుంది.

"ఏమైందే? చెప్పు."

"దీనికి కింద కన్ను ఉంటుందన్నయ్యా. కింద ఉన్న గరుకు చూసుకుంటూ ఎటు కదిలానో తెలుసుకుంటుంది. నీ బల్లలో..." ఆగింది. "నీ బల్లలో దానికి చూడ్డానికి ఏమీ దొరకట్లేదు. అంత నునుపు."

ఆయనకి మాట అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. ఏ తప్పూ లేకుండా చేయడమే తప్పయి కూర్చుంది. ఇలాంటి పొరపాటు ఈ మనిషి తప్ప ఇంకెవరు చెయ్యగలరు చెప్పండి?

పేపరు పరిచి చూశారు. ఏటవాలు మీద, ఆ నునుపు మీద పేపరు నిలిస్తేనా! మౌసుతోపాటే ప్రయాణం కట్టింది. పాత మౌసు ప్యాడు వెతికి తెచ్చారు. అది చిన్నది, పైగా జారుడుబల్ల మీద పిల్లాడిలా సర్రున జారి గట్టుకి కొట్టుకుంది. జిగురు టేపు అంటించారు. నూనె తడి ఇంకా పూర్తిగా ఆరని పాలిష్ మీద టేపు నిలవలేదు, రెండు ఊపులకే ఊడి వచ్చింది. మూడున్నర.

అద్దాలాయన సంచి విప్పాడు. చెక్కని రుద్ది గీరే సన్నటి ఉప్పుకాగితం ముక్క తీశాడు. తీసి, చేత్తో పట్టుకుని, బల్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఎవరో పసిపిల్ల బుగ్గ మీద గీరమన్నట్టు ఉంది ఆయన వాలకం.

"ఎంత మేర కావాలి?"

చెల్లెలు అన్న మొహం చూసింది. "కొంచెం చాలన్నయ్యా."

అరచెయ్యంత మేర గీశాడు. తెల్లటి పొడి లేచింది. మెరుపు పోయి అక్కడ మసక వచ్చింది. మౌసు పెట్టింది, కదిలింది, బాణం తిన్నగా నడిచింది.

"చాలా?"

"ఇంకొంచెం... ఇటు."

ఇంకో నాలుగు వేళ్ళ మేర. గీస్తున్నంతసేపూ ఆయన ఊపిరి తీసుకున్నాడో లేదో తెలియదు.

"ఇప్పుడు?"

"చాలు చాలు. బ్రహ్మాండం. ఇంక ముట్టుకోకు."

చాలదని ఆమెకి తెలుసు. ఆయనకీ తెలిసుండాలి. ఈ బల్లకి వెడల్పు కొలిచిందే ఆమె చెయ్యి చూసి కదా! కానీ మనకి నచ్చిన మాట ఎవరైనా చెప్తే ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు ఎంతమంది? ఆయన చాలుననే నమ్మాడు. ఉప్పుకాగితం మడిచి సంచిలో పెట్టేసి, టీ పెట్టడానికి వెళ్ళాడు.

నాలుగయింది. చెవిలో పెట్టుకుంటే నొప్పని చెల్లెలు టీవీలోంచే వింటుంది కాబట్టి, గొంతులన్నీ గది నిండా వినిపించాయి.

"అక్కా! వచ్చేశావా? హమ్మయ్య!" అంది బేకరీ కెప్టెను.

"వచ్చానమ్మా. కాలు చాపుకునే వచ్చాను."

నలుగురూ నవ్వారు. మొదటి రౌండు మొదలైంది. అద్దాలాయనకి ఆట అర్థం కాలేదు. కోట, పొగ, పరుగులు, అరుపులు. ఎవరు మనవాళ్ళో తెలియడానికే తల ప్రాణం తోకకొచ్చింది. అందుకని ఆయన టీవీ వదిలేసి చెల్లెలి చెయ్యి చూశాడు.

చెయ్యి మాత్రం ఆయనకి అర్థమయింది. మోచెయ్యి నుంచి విశాలంగా, ఎక్కడా ఆగకుండా, సున్నాలు, ఎనిమిదులు. ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తు, ఎక్కడ తేలాలో అక్కడ తేలు. ఒరే, ఇది పనిమంతురాలి చెయ్యి! ఇన్నేళ్ళూ ఆటంటే వేళ్ళు టకటకలాడించడమే అనుకున్నాడు. చూస్తుండగానే ఆ చెయ్యి మసక దాటి మెరుపు మీదకి వెళ్ళింది. టీవీలో బాణం ఎటో పోయింది. ఆమె చటుక్కున చెయ్యి లోపలికి లాక్కుంది. ఇంకోసారి. మరోసారి. ఆ తరవాత చెయ్యి దూరం వెళ్ళడమే మానేసింది. మంచం కింద దూరి పనిచేస్తున్నట్టు, అరచెయ్యంత చోటులో ముడుచుకుపోయి తిరిగింది.

రౌండు పోయింది. కోట పడిపోయింది.

"అక్కా, ఏమైంది? ఆ చివరివాడు నీ ఎదురుగానే ఉన్నాడుగా," అన్నాడు జట్టులో ఒకడు.

"చెయ్యి పట్టేసిందిరా. నాదే తప్పు. చాలా రోజులైంది కదా."

కెప్టెను మెల్లిగా అంది. "అక్కా, నొప్పిగా ఉంటే చెప్పు. రిజర్వులో మనిషి రెడీగా ఉంది. నువ్వు ఏమీ అనుకోనంటేనే. ఐదు నిమిషాలు బ్రేకు, ఆలోచించుకుని చెప్పు."

చెల్లెలు రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల వంచుకుంది. బల్ల బాగాలేదని ఒక్కమాట అనలేదు. అంటే సరిపోయేది. ఐదేళ్ళుగా కాపాడుకున్న చోటు చేజారిపోతున్నా, అన్న పది రోజులు కూర్చుని తెచ్చిన మెరుపు మీద ఈగ వాలనివ్వలేదు. నాదే తప్పంది, చెయ్యి పట్టేసిందంది.

వంటింటి గుమ్మం దగ్గర్నుంచి మూడంగల్లో వచ్చాడు.

"కీబోర్డు తియ్యి."

"ఎందుకన్నయ్యా?"

"తియ్యమన్నానా!"

కీబోర్డూ మౌసూ తీసి పక్కన పెట్టి, బల్లని ఆమె ఒళ్ళోంచి లేపి నేల మీద పెట్టుకున్నాడు. సంచి బోర్లించాడు. ఉప్పుకాగితం కాదు, సన్నటి ఇనప పీచు ఉండ తీశాడు.

"వద్దన్నయ్యా! నేను ఇలాగే ఆడతాను. అలవాటు చేసుకుంటాను. వద్దు, నీ పాలిష్..."

"నోర్ముయ్. చాలని అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నువ్వెందుకు నమ్మావు?"

అదీ నిజమే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పీచు ఉండ పట్టుకుని, పై అంచు నుంచి కింది అంచు దాకా ఒక్క లాగుడు లాగాడు. మెరుపు మధ్య తెల్లటి దారి పడింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కోపంలోనో బాధలోనో మనిషి దేన్నైనా గీకాడంటే అడ్డదిడ్డంగా గీకుతాడు. ఈయన అలా గీకలేదు. పోగు ఎటుంటే అటే, ఒకే ఒత్తుడు, ఒకే వేగం, ఒక లాగుడు అంచు మీద ఇంకో లాగుడు అంచు కొద్దిగా ఎక్కేలా. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మూలల్లో వేలికి పీచు చుట్టి తీశాడు. గట్టు వార కూడా వదల్లేదు. ఇందాక ఉప్పుకాగితంతో గీసిన అరచెయ్యంత మచ్చ ఎక్కడుందో మళ్ళీ కనిపించకుండా మిగతాదాంట్లో కలిపేశాడు. నుదుటి మీంచి చెమట జారి బల్ల మీద పడబోతే మొహం పక్కకి తిప్పి భుజానికి తుడుచుకున్నాడు. పది రోజుల పని, నాలుగు నిమిషాలు. దేవుడా, తన పనిని తనే చెరుపుకోవడంలో కూడా ఒక్క గీత వంకర పోనివ్వని మనిషిని ఏమనాలి? కాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాడు. ఇనప పీచు రవ్వ ఒక్కటైనా మిగిలిందేమోనని అరచెయ్యి పెట్టి తడిమాడు. బల్ల ఇప్పుడు మెరవడం లేదు. తేనె రంగు అలాగే ఉంది కానీ, మెత్తగా, నిద్ర లేచిన మొహంలా ఉంది. చెల్లెలి ఒళ్ళో పెట్టాడు.

"అక్కా? ఏం చెప్తావు?" అంది టీవీలో కెప్టెను.

చెల్లెలు మౌసు పెట్టి, కుడి చివరి గట్టు దాకా ఒక్క ఊపు ఊపింది. తిరిగి ఎడమకి లాగింది. తరవాత అంది.

"ఉన్నానమ్మా. ఆడదాం."

రెండో రౌండు గెలిచారు. ఎలా గెలిచారో అద్దాలాయన చెప్పలేడు, ఆయన చూసిందల్లా చెయ్యే. ఆ చెయ్యి మళ్ళీ దూరం వెళ్ళింది. చివరి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, సున్నా చుట్టి, తేలి, ఒత్తి, ఎక్కడా బెదరలేదు. మూడో రౌండులో ఒక దశలో టీవీలో అందరూ ఒకేసారి అరిచారు. చెల్లెలు మాత్రం అరవలేదు. కళ్ళు టీవీ మీద, పెదాలు కొద్దిగా తెరుచుకుని, ఊపిరి నిదానంగా. సిటీ నడిబొడ్డున రద్దీలో బస్సు నడిపేటప్పుడు ఆమె మొహం ఇలాగే ఉంటుందేమో. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చున్నవాడే కాబట్టి ఆయన ఆ మొహం చూడలేదు. ఇన్నేళ్ళకి చూశాడు. చూసి, టీ చల్లారిపోతున్నా కప్పు కింద పెట్టడం మర్చిపోయాడు.

చివరి బాణం ఆమెదే. కోట నిలిచింది. గదిలో నాలుగు గొంతులు ఒక్కసారిగా కేకలేశాయి.

"అక్కా, వచ్చే మ్యాచ్‌కి మూడున్నరకే వచ్చెయ్యాలి. లేటైతే ఊరుకోను!" అంది కెప్టెను. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"వస్తానమ్మా. ఎక్కడికి పోతాను ఈ కాలేసుకుని!"

టీవీ ఆపేశారు. అద్దాలాయన నేల మీద పడిన తెల్లపొడి ఊడుస్తున్నాడు. చెల్లెలు ఆయన్నే చూస్తోంది. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇప్పుడెలా ఉంది బల్ల? నిజం చెప్పు. ఈసారి అబద్ధం చెప్పావంటే చూడు."

చెల్లెలు ఆలోచించింది. బల్లని చూసింది, చేతిని చూసుకుంది.

"ఏమో అన్నయ్యా. మూడో రౌండులో నా ఒళ్ళో బల్ల ఉందనే మర్చిపోయాను."

ఆయన ఊడుస్తున్నవాడల్లా ఆగాడు. చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ముప్పైయెనిమిదేళ్ళుగా ఆయన చేసిన బల్లల గురించి ఊరంతా ఎన్నో మాటలంది. ముద్దొస్తోందన్నారు, దిష్టి తగులుతుందన్నారు, వాడడానికి మనసొప్పట్లేదని గుడ్డ కప్పి పెట్టుకున్నారు. కప్పిపెట్టుకున్నామని చెప్తే ఆయన పొంగిపోయేవాడు కూడా. ఉందనే మర్చిపోయానని మాత్రం ఒక్కరూ అనలేదు. ముందు ఎక్కడో చురుక్కుమంది. ఆ తరవాత, ఆ చురుకు కింద నుంచి మెల్లిగా ఇంకేదో వచ్చింది.

"మర్చిపోయావా?"

"ఒట్టు."

ఆయన పొడి ఎత్తి పారబోశాడు. చేతులు కడుక్కుని వచ్చి, చెల్లెలి దిండు సరిచేశాడు. మందులేసుకున్నావా అని కసిరాడు. మేనకోడలు వచ్చాక సంచి తగిలించుకుని బయల్దేరాడు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నాడు. దిగేటప్పుడు డ్రైవరు దగ్గర ఆగి, "బాగా నడిపావయ్యా," అన్నాడు. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి, ఇదెవరిని అన్నాడా అన్నట్టు చూశాడు.

ఇంట్లో భార్య గుమ్మంలోనే ఎదురైంది. సంచి అందుకుంటూ, బట్టల మీద తెల్లపొడి చూసి, మెరుపు గీకేశాడని గ్రహించింది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. పది రోజులు అన్నం వేళకి తినకుండా చేసిన పని. ఈ మనిషి ఇప్పుడు ఏ గోడకేసి తల కొట్టుకుంటాడో!

"గీకేశారా?"

"మొత్తం."

"అయ్యో! మరి... ఆడిందా? చోటు ఉందా?"

"ఉంది. అది వెనకుంటే తప్ప వాళ్ళెవరూ అడుగు వెయ్యరు. అంత బాగా ఆడుతుంది, తెలుసా నీకు? ఆ చెయ్యి చూడాలి నువ్వు!"

భార్య ఆయన మొహం పరకాయించి చూసింది. ఏడుస్తాడనుకున్న మనిషి నవ్వుతున్నాడు.

"బల్ల బాగుందందా?"

"లేదు."

"మరేమంది?"

"ఒళ్ళో ఉందనే మర్చిపోయిందట," అన్నాడు అద్దాలాయన. చెప్పులు విడుస్తూ, భార్య సరిగా వినలేదేమోనని మళ్ళీ అన్నాడు, "మర్చిపోయిందటే!"